ఐస్ ఫ్యాక్టరీ ఉండిన చోటు

మనాగ్వా నగరంలో చిరునామా ప్రతిసారీ ఇప్పుడు లేనిదాని దగ్గర మొదలవుతుంది. ఒకప్పటి పెద్ద భూకంపంలో కూలినవీ, అది వదిలేస్తే మునిసిపాలిటీ వాళ్లు కూల్చినవీ జనం నోళ్లలో ఇంకా నిక్షేపంగా ఉన్నాయి. అక్కడ సరస్సు వైపంటే ఉత్తరం, పైకంటే తూర్పు, కిందికంటే పడమర.

నొహేలియాకి ఈ పద్ధతంటే ఒళ్లుమంట. ఉపగ్రహ చిత్రాలు చూసి పటాలు గీసే చదువు ఆమెది. వరద ముంపు పటాల మీద, ఒక పెద్ద సంస్థ నాలుగేళ్లూ జీతమిచ్చి చేయించే డాక్టరేటు సీటు ఏడాదికి ఒక్కటే. దానికోసం మూడేళ్లుగా దరఖాస్తు పెడుతోంది. ఈసారి ఫారం నింపుతుంటే, తల్లి దోన్యా మెల్బా మొక్కజొన్న పిండి నకతమాల్‌ని అరిటాకు పొట్లాలు కడుతూనే సలహా ఇచ్చింది.

“ఐస్ ఫ్యాక్టరీ ఉండిన చోటి నుంచి రెండు వీధులు సరస్సు వైపు, ఒక వీధి పైకి అని రాయవే.”

“పటాల చదువుకి ఇలా రాస్తే నవ్విపోతారమ్మా! నేను పుట్టకముందే కూలిపోయింది అది.”

“కూలితే? చోటెక్కడికి పోయింది?”

నొహేలియా అక్షాంశ రేఖాంశాలు మాత్రమే రాసింది, దశాంశం తర్వాత ఆరేసి అంకెలతో.

రెండు నెలల తర్వాత, ఒక శుక్రవారం ఉదయం సంస్థ నుంచి ఫోన్ వచ్చింది. సీటు ఆమెకే! ఉత్తరం సోమవారమే కొరియర్‌లో పంపారట. దాని మీద సంతకం పెట్టి, ఇవాళ ఐదులోగా స్వయంగా ఇవ్వాలట. లేకపోతే సీటు తర్వాతివాళ్లకి పోతుంది. ఆ ఉత్తరం ఇంటికి రానేలేదు. ఆమె వెంటనే కొరియర్ ఆఫీసుకి ఫోన్ చేసింది.

“మీ చిరునామాలో చిరునామానే లేదమ్మా,” అన్నాడు ఫోన్‌లో కొరియర్ గుమాస్తా. “రెండు ఫోన్ నంబర్లున్నాయి. సోమవారం నుంచి చేస్తున్నాం, ఒక్కటీ కలవదు.”

“అవి నంబర్లు కాదు! అక్షాంశం, రేఖాంశం!”

“వాళ్లెవరో నాకు తెలీదు గానీ, ఇద్దరూ ఎత్తట్లేదు. ఉత్తరం బండి మీద తిరుగుతోంది, నాలుగింటికి ఆఫీసుకొస్తుంది. ఎర్ర సినిమా హాలు ఉండిన చోటి నుంచి ఒక వీధి కిందికి రండి.”

ఆ హాలెక్కడో నొహేలియాకి తెలీదు, తల్లిని అడిగింది. మెల్బా చేతులు తుడుచుకుంది. “పద. మీ నాన్న నా చెయ్యి పట్టుకున్నది ఆ హాల్లోనే.”

నాలుగూ ఇరవైకి ఉత్తరం దొరికింది. అక్కడే బల్ల మీద సంతకం పెట్టి, సంస్థ ఎక్కడుందో ఫోన్‌లో వెతికింది. ఇంటర్వ్యూ కంప్యూటర్‌లో జరిగింది కాబట్టి ఆమె ఎప్పుడూ అక్కడికి వెళ్లలేదు. దేశం మొత్తానికి పటాలు గీసే ఆ సంస్థను ఫోన్ సరస్సు మధ్యలో చూపించింది. ఉత్తరం తిరగేస్తే, అడుగున బంగారు అక్షరాల్లో అచ్చేసి ఉంది: ‘చింతచెట్టు ఉండిన చోటి నుంచి మూడు వీధులు దక్షిణానికి, ఆకుపచ్చ గేటు.’

ఆమెకి తల కొట్టేసినట్టయింది. ఏడుపు ఆగలేదు. “ఊరి నిండా చింతచెట్లేనమ్మా! ఏదని వెతకను?”

మెల్బా అప్పటికే టాక్సీలో కూర్చుంది. “ఉన్నవి బోలెడు. లేనిది ఒక్కటే. ఎక్కు.”

ఐదుకి ఏడు నిమిషాలుండగా దిగారు. గేటు నీలంగా ఉంది.

“ఆకుపచ్చ గేటు ఇదేనా?” అంది నొహేలియా కంగారుగా.

“ఇదే. పోయినేడు రంగు మార్చారు,” అన్నాడు కాపలాదారు, కాగితం తీసుకుని రిజిస్టర్ తెరుస్తూ. “ఇల్లెక్కడమ్మా?”

నొహేలియా తల్లి వైపు చూడకుండా గొంతు సవరించుకుంది.

“ఐస్ ఫ్యాక్టరీ ఉండిన చోటి నుంచి...”