మోచేతి ఎత్తు

ఆ ఇంట్లో అద్దం మగవాళ్ళ ఎత్తుకు ఉంటుంది. ఎప్పుడో మామగారు మేకు కొట్టి తగిలించింది. ఆయన పోయి ఏళ్ళయింది కానీ మేకు మాత్రం చెక్కుచెదరలేదు. కోడలు రోజూ పొద్దున్నే దాని ముందు మునివేళ్ళ మీద నిలబడి తల దువ్వుకుంటుంది. అంత చేసినా కనిపించేది కనుబొమల పైభాగమే. పెళ్ళయిన కొత్తలో ఒకసారి, "ఏమండీ, ఆ అద్దం కాస్త కిందికి దించరూ" అని గోముగా అడిగింది. "దించితే నేను వంగాలి కదే! నువ్వు కాస్త మునివేళ్ళ మీద నిలబడితే సరిపోతుంది" అన్నాడు భర్త, నవ్వుతూ. కసురుకుని ఉంటే ఎదురు చెప్పి ఉండేదేమో. నవ్వుతూ అన్న మాటకి ఏం జవాబు చెబుతుంది? తనూ నవ్వేసి ఊరుకుంది.

అప్పటినుంచీ ఆమెకో పాడు అలవాటు పట్టుకుంది. ఇంట్లో ఏది ఎవరి ఎత్తుకు ఉందో చూస్తూ ఉంటుంది. గేటు గడియ ఆయన ఎత్తు. పొలం కాగితాలు పెట్టిన అటక ఆయన ఎత్తు. పెరట్లో బట్టల తీగ, ఆయన ఏనాడూ ఒక్క తువ్వాలు ఆరేసిన పాపాన పోలేదు, అయినా అదీ ఆయన ఎత్తే. ఇక నేలకు దగ్గరగా ఉన్నవి, అంట్లూ, చీపురూ, బురదకాళ్ళ మరకలూ, ఆవు పొదుగూ, ఇవన్నీ తనవి. వంగి చేసేవన్నీ తన వాటా, నిలబడి అందుకునేవన్నీ ఆయన వాటా. ఆస్తి పంపకాలంటే ఇవే కాబోలు అనుకుని తనలో తనే నవ్వుకునేది. ఆ నవ్వులో సగం ఏడుపని ఆమెకు తెలుసు.

అన్నిటికంటే పెద్ద వంగుడు పొలంలో కలుపు. మొక్కజొన్న ఏపుగా ఎదిగేదాకా వరస వెంట వరస, తల ఎత్తకుండా లాగుతూ పోవాలి. సాయంత్రానికి నడుము తనది కాకుండా పోయేది. "ఇక వంగే పనులు మానెయ్యాలమ్మా" అంది డాక్టరమ్మ. ఆ మాట ఇంటికొచ్చి చెబితే భర్త, "చెప్పడానికేం, చెబుతుంది. ఆవిడొచ్చి తీస్తుందా మన కలుపు?" అన్నాడు.

అలాంటి రోజుల్లో వ్యవసాయ శాఖ వాళ్ళు పథకం పెట్టారు. కలుపు తీసే యంత్రం ఉచితంగా ఇస్తారట, కానీ ఆడవాళ్ళ పేరు మీదే ఇస్తారట. ఆ రోజు భర్త హుషారు చూడాలి! "నీ పేరు పెట్టేద్దాం. పేరుదేముంది!" అని ఆయనే దగ్గరుండి సంతకం పెట్టించాడు. శిక్షణకు మాత్రం ఆమే వెళ్ళాలి కాబట్టి వెళ్ళింది. అక్కడ ప్యాంటూ చొక్కా వేసుకున్న ఓ అమ్మాయి తాడు లాగి ఇంజను ఎలా స్టార్ట్ చేయాలో చూపించింది. ఆమె యంత్రం పట్టుకోగానే ఆ పిల్ల మొహం చిట్లించి, "ఆగండక్కా, ఇలా అయితే మీ భుజాలు పడిపోతాయి" అని పానా తీసి, పక్కనున్న బోల్టు వదులు చేసి, హ్యాండిల్ సరిగ్గా ఆమె మోచేతి ఎత్తుకు దించి బిగించింది. "ఇప్పుడు చూడండి, ఇది మీ బండి" అంది. ఆ పానా కూడా ఆమె చేతిలోనే పెట్టింది.

మొదటిరోజు ఆ యంత్రం వెనక ఆమె తన పొలంలో నిటారుగా నడిచింది. ఇన్నేళ్ళలో ఆ పొలం తాలూకు మట్టే తప్ప మరేదీ చూడలేదని అప్పుడు తెలిసింది. ఆకుల పైన గాలి ఎలా పోతోందో, అవతలి గట్టు మీద ఎవరు వెళ్తున్నారో అన్నీ కనిపించాయి. ఒళ్ళంతా సంతోషం వేసింది. ఎవరైనా చూస్తే ఏమనుకుంటారోనని సిగ్గు కూడా వేసింది.

ఆ ముచ్చట మూణ్ణాళ్ళే అయింది. యంత్రం బాగా పనిచేస్తోందని ఊళ్ళో పేరు రాగానే భర్త అందుకున్నాడు. హ్యాండిల్ తన ఎత్తుకు లేపేశాడు. పక్కవాళ్ళ పొలాలకు ఆయనే తీసుకెళ్ళేవాడు. సొంత పొలంలో మాత్రం ఆమెకే వదిలేసేవాడు, అదీ ఆ ఎత్తులోనే. చేతులు పైకెత్తి తోసితోసి భుజాలు లాగేసేవి. "దించుకుంటానండీ" అంటే, "మాటిమాటికీ తిప్పితే బోల్టు అరిగిపోతుందే!" అనేవాడు. ఆమె పానా తీసుకెళ్ళి పప్పుల డబ్బాలో పడేసింది. ఎందుకు పారేయకుండా దాచిందో ఆమెకే తెలియదు.

నిన్న రాత్రి భోజనాల దగ్గర ఆయన తల్లితో అన్నాడు, "అమ్మా, ఆ యంత్రం తమ్ముడికి ఇచ్చేస్తానన్నా. రేపు పొద్దున ట్రాలీ తెచ్చుకుంటాడు."

వడ్డిస్తున్న గరిటె ఆగింది. "నాతో ఒక్క మాట కూడా అనలేదేంటండీ?"

"నీతో అనడానికేముంది? వాడేమన్నా పరాయివాడా?"

"మరి మన కలుపో?"

"ఇన్నాళ్ళూ తియ్యలేదా?"

అంతే. ఆ మాట అని ఆయన చెయ్యి కడుక్కున్నాడు. ఇన్నాళ్ళూ తీశావు కాబట్టి ఇక ముందూ తియ్యి. మోసినవాళ్ళకే మొయ్యడం రాసిపెట్టి ఉంటుందన్నమాట. నడుముకి ఆ మాట అర్థమైందేమో, రాత్రంతా సలుపుతూనే ఉంది.

పొద్దున ఆయన పాలకేంద్రానికి వెళ్ళాక ఆమె అలవాటుగా అద్దం ముందు మునివేళ్ళ మీద లేచింది. మంచం మీద కూర్చున్న అత్తగారు చూసి, "ఎందుకే ఆ తంటాలు? నేనైతే ఈ ఇంట్లో ఏనాడూ అద్దం చూసుకోలేదమ్మాయ్. బొట్టు చేత్తో తడుముకుని పెట్టుకునేదాన్ని" అంది. గొప్పగా చెప్పబోయి, మధ్యలో ఆవిడ గొంతు ఎందుకో తగ్గిపోయింది.

కోడలు మడమలు నేలకు ఆనించింది. దువ్వెన పక్కన పెట్టి వంటింట్లోకి వెళ్ళి పప్పుల డబ్బాలో చెయ్యి పెట్టింది.

వాకిట్లోకి యంత్రం లాక్కొచ్చింది. బోల్టు ఒక పట్టాన వదల్లేదు. ఒంటి బరువంతా పానా మీద వేసి తిప్పింది. హ్యాండిల్ దించి, మోచెయ్యి ఆనించి చూసుకుని, ఇంకెవరూ తేలిగ్గా కదపలేనంత బిగించింది.

ట్రాలీ వచ్చేసరికి భర్త కూడా వచ్చాడు. ఆ చప్పుడుకి అత్తగారూ వాకిట్లోకి వచ్చింది. "వదినా, తీసుకెళ్తా మరి" అన్నాడు మరిది, నవ్వుతూ.

"ఇవ్వను నాయనా" అందామె. "నీకు కలుపు పనుంటే కబురు పెట్టు, నేనే వచ్చి తీసిపెడతా. యంత్రం మాత్రం నాది."

"నాదేంటే నాది? ఏదో పథకం కోసం నీ పేరు పెట్టాం. పేరుదేముంది?" అంటూ భర్త విసురుగా వచ్చి హ్యాండిల్ పట్టుకున్నాడు. పట్టుకున్నవాడు అలాగే వంగిపోయాడు. తమ్ముడి ముందు, తల్లి ముందు, వాకిట్లో నడుం వంచుకుని నిలబడి తలెత్తి చూశాడు.

"ఇంత కిందికి ఎవరు దించారు? ఇలా ఉంటే నేను వంగాలి కదే!"

ఆమె ఆయన చేతుల మధ్యనుంచి హ్యాండిల్ నెమ్మదిగా తన వైపు తిప్పుకుంది. తాడు లాగితే ఒక్క ఊపుకే ఇంజను అందుకుంది. యంత్రాన్ని పొలం వైపు మళ్ళిస్తూ, ఆ చప్పుడులో కూడా ఆయనకు వినబడేలా, నవ్వుతూ చెప్పింది.

"కాస్త వంగితే సరిపోతుంది లెండి."