గ్లాసున్నర బియ్యం, నాలుగు దేశాలు

నేను ఒక గ్లాసున్నర బియ్యం పట్టే కరెంటు కుక్కర్ని. అంతకు మించి పావు గ్లాసు పోసినా పొంగి మూత తోసేస్తాను. ఈ సంగతి ముందే చెప్పడం మంచిది. నా నుంచి ఎవరూ ఎక్కువ ఆశించకూడదు.

నన్ను చేసిన ఊరు నాకు గుర్తు లేదు. పెద్ద రేకుల షెడ్డు, నాలాంటి వాళ్ళ పొడుగాటి వరస, నా పొట్ట మీద స్టిక్కరు వంకరగా అంటించి తనలో తనే నవ్వుకున్న ఒకావిడ, అంతవరకే జ్ఞాపకం. ఆ స్టిక్కరు ఇప్పటికీ వంకరగానే ఉంది. అక్కడి నుంచి కాకినాడ మెయిన్ రోడ్డులో ఒక దుకాణం అద్దాల బీరువాలోకి వచ్చి ఎనిమిది నెలలు కూర్చున్నాను. నా పక్కన పెద్ద సంసారాలకు సరిపడే కుక్కర్లు ఠీవిగా ఉండేవి. వచ్చిన వాళ్ళు నన్ను చూసి, "ఇదేంటండీ, బొమ్మలపెళ్ళికా?" అని నవ్వి వాటిని కొనుక్కుపోయేవారు.

ఒకరోజు పొద్దున్నే సుభద్ర గారు వచ్చింది. చేతిలో కొత్త సూట్‌కేసు. ధర అడగలేదు, గ్యారంటీ అడగలేదు. సూట్‌కేసు బల్ల మీద పెట్టి తెరిచి, నన్ను అందులో కూర్చోబెట్టి, మూత వేసి చూసింది.

"పట్టింది. కట్టేయండి," అంది.

దుకాణదారు తెల్లబోయాడు. నాకైతే నా కొలతలు నచ్చిన మొదటి మనిషి ఆమే.

ఆమె భర్త కామేశం గారు ముప్పై రెండేళ్ళు కాలేజీలో భూగోళం చెప్పారు. వెనక్కి తిరిగి చూడకుండా నల్లబల్ల మీద ప్రపంచపటం గీసేవారట. గీయడమే గాని అందులో ఒక్క దేశమూ చూసిన మనిషి కాదు. రిటైరైన మర్నాడే పాస్‌పోర్టులకు కాగితాలు పెట్టారు. ఒక్కటే చిక్కు. ఆయన మెదడు ఏడు ఖండాలూ తిరిగింది గాని, పొట్ట తూర్పుగోదావరి జిల్లా దాటలేదు. పెరుగన్నం లేకుండా రెండు రోజులు గడిస్తే ముఖం వాడిపోతుంది. మూడోరోజు మాట పెళుసవుతుంది. ఆ మూడోరోజు కోసమే నేను పుట్టాను.

ఏర్పాటు ఇలా ఉండేది. పగలంతా ఇద్దరూ కలిసి తిరుగుతారు. సాయంత్రం గదికి రాగానే కామేశం గారు మ్యాపు మడిచి జేబులో పెట్టుకుని, "ఒక్క చుట్టు తిరిగొస్తాను," అంటూ మళ్ళీ బయటికి పోతారు. సుభద్ర గారు అక్కడే కొన్న బియ్యం కడిగి నాలో పోసి మీట నొక్కుతుంది. కందిపొడి, ఆవకాయ కాకినాడ నుంచి వచ్చినవే. ఇక నాకు పట్టేది ఇరవై రెండు నిమిషాలు. ఆ ఇరవై రెండు నిమిషాలూ ఆమెవి. కుర్చీ కిటికీ దగ్గరికి లాక్కుని, కాళ్ళు రెండూ పైకి ముడుచుకుని కూర్చునేది. ఇంట్లో ఆమె అలా కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు.

మొదటి ప్రయాణం శ్రీలంక. కాండీలో మా గది కిటికీలోంచి చెరువు కనిపించేది. ఆ సాయంత్రం చెరువు అవతలి ఒడ్డున మొదలైన వాన నీళ్ళ మీద నడుచుకుంటూ మా వైపు వచ్చింది. నేను ఆవిరి వదులుతున్నాను, ఆమె చూస్తోంది. వాన మా కిటికీ దాకా వచ్చేసరికి కామేశం గారు తడిసి ముద్దయి గుమ్మంలో నిలబడ్డారు.

"అయ్యో, నువ్వు ఏమీ చూడలేదు. ఎంత వాన అనుకున్నావు!" అన్నారు.

ఆమె తువ్వాలు అందించింది. "కూర్చోండి, అన్నం వేడిగా ఉంది," అంది.

కాకినాడ తిరిగి వచ్చిన వారానికి ఆమె నా గిన్నె ఒక్కటే సంచిలో పెట్టుకుని మస్తానయ్య కొట్టుకు తీసుకెళ్ళింది. స్టీలు సామాన్లు కొన్నవాళ్ళకు వాటి మీద పేర్లు వేసిపెట్టడం ఆయన పని. మన ఇళ్ళల్లో గిన్నెలకు పేరుండాలి కదా. పక్కింటికి కూరతో పోయిన గిన్నె ఆ పేరు పట్టుకునే తిరిగి వస్తుంది. మస్తానయ్య తన కరెంటు సూది చేతబట్టి, "ఏం పేరండీ అమ్మగారూ?" అన్నాడు.

"పేరొద్దు. అంచు కింద, బయటివైపు ఇలా వెయ్యండి," అని ఒక కాగితం ముక్క ఇచ్చింది.

మస్తానయ్య చదివాడు. "కాండీ. చెరువు మీద వాన నడిచింది." కళ్ళద్దాలు పైకి తోసుకున్నాడు. "ఆయ్, ఇదేంటండీ? గిన్నె మీద ఉత్తరం రాయిస్తున్నారు!"

"ఉత్తరమే అనుకోండి."

"మాస్టారు చూస్తే నవ్వుతారేమోనండీ."

"గిన్నె తోమితే కదా చూసేది!" అంది సుభద్ర గారు. ఇద్దరూ పడిపడి నవ్వారు. ఆ నవ్వులో సూది కాస్త జారి 'చెరువు' తోక పొడుగైంది.

ఆమె అన్నది నిజం. నా గిన్నె బయటివైపు ఎప్పుడూ నా ఒంట్లో దాగి ఉంటుంది. బయటికి తీసి తోమిన వాళ్ళకే కనిపిస్తుంది. నన్ను ప్రయాణాల్లో తప్ప వాడరు, తోమేది ఆమె ఒక్కతే. కామేశం గారికి నా లోపలివైపు, అందులోని అన్నమూ బాగా తెలుసు. అంతవరకే.

రెండోది మలేషియా. "పెనాంగ్. పడవ దీపాలు పదకొండు." మూడోసారి స్విట్జర్లాండ్. అక్కడే గొడవ జరిగింది.

లూసెర్న్‌లో ఉన్నరోజు కామేశం గారి పుట్టినరోజు. పొడి అన్నం పెట్టడానికి ఆమెకు మనసొప్పలేదు. నిమ్మకాయలు కొనుక్కొచ్చింది. అన్నం కాగితం పళ్ళేల్లోకి తీసి, ఖాళీ అయిన నా గిన్నెలో నూనె పోసింది. పులిహోర అన్నాక పోపు వెయ్యాలి. నూనె కాగేలోపే నా మీట టక్కున లేచిపోతుంటే వేలితో నొక్కి పట్టుకుంది. నాకు ఆ పని చేతకాదని ఎలా చెప్పను? ఆవాలు చిటపటలాడాయి. ఎండుమిరపకాయలు మాడాయి. ఇంగువ వేసింది. అప్పుడు సీలింగులో తెల్లటి గుండ్రటి బిళ్ళ ఒకటి చెవులు చిల్లులు పడేలా అరవడం మొదలుపెట్టింది.

నాలుగు అంతస్తుల జనమూ పచ్చిక మీదికి పరిగెత్తుకొచ్చారు. కొందరు స్నానం సగంలో ఆపి వచ్చారు. ఎర్రబండి వచ్చింది. సుభద్ర గారు పట్టుచీర మీద స్వెట్టరు వేసుకుని, నా గిన్నెను కొంగుతో పట్టుకుని గుంపు మధ్యలో నిలబడింది. ఇనపటోపీ పెట్టుకున్న మనిషి ఒకడు వంగి గిన్నెను వాసన చూసి ఏడు తుమ్ములు తుమ్మాడు. బయట తిరుగుతున్న కామేశం గారు ఆయాసపడుతూ వచ్చి విషయం తెలుసుకుని, అందరి ముందూ నోరు చేసుకున్నారు.

"ఎక్కడికొచ్చినా వంటేనా నీకు? ఇంత దూరం తెచ్చింది దేనికి నిన్ను? ఒక్కటంటే ఒక్కటి చూశావా ఏ ఊళ్ళో అయినా?"

ఆమె ఆయన భుజం మీదుగా దూరంగా ఎటో చూస్తోంది. గిన్నె ఆమె చేతుల్లోనే ఉంది కాబట్టి ఏం చూస్తోందో నేనూ చూశాను.

ఆ రాత్రి ఇద్దరూ పులిహోర తిన్నారు. ఆయన రెండోసారి వడ్డించుకున్నారు. మగవాళ్ళు క్షమాపణ అడిగే పద్ధతుల్లో అదొకటని నేను అప్పటికే గ్రహించాను. కాకినాడ వచ్చాక ఆమె మళ్ళీ మస్తానయ్య దగ్గరికి వెళ్ళింది. ఈసారి కాగితం కాస్త పెద్దది.

"మీ పటంలో మనం చూద్దామనుకున్నది ఇక హొన్షూ దీవి ఒక్కటే మిగిలిందండీ," అని కామేశం గారితో అంటుండేది. జపాన్ దీవుల పేర్లు వరసగా ఆమెకూ నోటికి వచ్చేశాయి. ఆ మరుసటి శ్రావణంలో ఒక ఉదయం, పూలు కోయడానికి పెరట్లోకి వెళ్ళి మెట్టు మీద కూర్చుంది. మళ్ళీ లేవలేదు. ఎక్కువ బాధపడలేదని డాక్టరు చెప్పాడు. అంతమటుకు దయే.

నేను అటక ఎక్కాను. రెండేళ్ళు.

విశాఖపట్నంలో బ్యాంకులో పనిచేసే వాళ్ళమ్మాయి వినత ఒకరోజు వచ్చి నన్ను దింపింది. "నాన్నా, జపాన్‌లో క్యోటోకి టికెట్లు తీశాను. నువ్వూ నేనూ."

"నేను రానమ్మా."

"అమ్మ హొన్షూ హొన్షూ అనేది కదా."

కామేశం గారు చేతిలోని పేపరు మడిచి పక్కన పెట్టారు. "మూడు దేశాలు తిప్పాను దాన్ని. గదుల్లో నాకు అన్నం వండడంతోనే సరిపోయింది. ఏమీ చూడలేదు. పైగా అందరిలో ఆ మాటే అన్నాను, నా నోటితో. ఇప్పుడు నేనొక్కణ్ణీ పోయి చూసేదేమిటి?"

"చూడలేదని అమ్మ ఎప్పుడైనా అందా?"

"అనలేదు. అదే నన్ను తినేస్తోంది."

బల్ల మీద ఆయనకు జానెడు దూరంలో ఉన్నాను. జవాబు నా ఒంట్లోనే ఉంది. గిన్నె పైకి తీస్తే చాలు. కానీ వినత అందులో కందిపొడి పొట్లాలు కుక్కి నన్ను సూట్‌కేసులో పెట్టేసింది. ఆయన ఇంకో రెండు రోజులు వద్దన్నారు. మూడోరోజు స్వెట్టరు ఎక్కడుందని అడిగారు.

క్యోటోలో దిగిన చోటు హోటల్లా లేదు, చుట్టాలిల్లులా ఉంది. చాపలు పరిచిన గది, కిటికీ కింద సన్నటి కాలువ. యజమానురాలు ఎనభై దాటిన ముసలావిడ. మూడోరోజు సాయంత్రం, నేను ఎదురుచూసిన మూడోరోజే, గుళ్ళ దగ్గర దీపాలు పెడతారని తెలిసి వినత బయల్దేరింది.

"నువ్వు చూసి రా తల్లీ. నేను అన్నం వండుతాను," అన్నారు కామేశం గారు.

ఆ మాట అని ఆయనే ఉలిక్కిపడ్డారు. వినత ఆయన చెయ్యి నొక్కి వెళ్ళింది.

బియ్యం కడగడం ఆయనకు రాదు. మూడుసార్లు కడిగి ముప్పావు వంతు మిగిల్చారు. నీళ్ళు పోసి మీట నొక్కారు. ఇరవై రెండు నిమిషాలు గడిచాయి. నేను గోరువెచ్చగా అయ్యాను. ఇంకో అరగంట. ఇంకాస్త వెచ్చబడ్డాను. మన కరెంటుతో పోలిస్తే వాళ్ళది సగం కూడా ఉండదు. జపాన్‌లో బియ్యం దిగుబడి ఎంతో చెప్పగల మాస్టారికి ఆ ముక్క తెలియదు. కిటికీ దగ్గర చాప మీద కూర్చుని నా వంకా కాలువ వంకా చూస్తూ ఉండిపోయారు. కాలువలో ఒక కొంగ ఒంటికాలి మీద నిలబడి ఉంది. అది కదల్లేదు. ఈయనా కదల్లేదు.

రెండు గంటలకు మూత తీశారు. బియ్యం నానింది, ఉడకలేదు. "నువ్వూ పోయావా," అన్నారు నాతో, మెల్లగా. ఇన్నేళ్ళ నా నౌకరీలో అంత బాధ ఎప్పుడూ పడలేదు.

ముసలావిడ టీ తెచ్చి, గిన్నెలోకి తొంగి చూసింది. ఐదు నిమిషాల్లో మూత పెట్టిన పింగాణీ గిన్నెలో పొగలు కక్కే అన్నం తెచ్చి, రెండు చేతులా ఆయన ముందు పెట్టి, వంగి దణ్ణం పెట్టి వెళ్ళింది. ముద్ద ముద్దగా ఉన్న అన్నమే. కామేశం గారు అందులో కందిపొడి కలుపుకుని మెతుకు మిగల్చకుండా తిన్నారు.

తిన్నాక చుట్టూ చూశారు. అద్దంలా తుడిచిన గది. ఆ తల్లి ఇంట్లో ఎంగిలి గిన్నె, పాడైన బియ్యం వదిలేయడానికి సిగ్గేసింది. పింగాణీ గిన్నె కడిగారు. తర్వాత, నేను పుట్టాక మొదటిసారి, నా గిన్నెను బయటికి తీసి కుళాయి కింద తిప్పారు.

వేళ్ళకు గరుకుగా ఏదో తగిలింది. గీతలేమో అనుకున్నారు. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, కళ్ళద్దాలు తుడుచుకుని, చుక్కలు చుక్కలుగా ఉన్న అక్షరాల మీద వేలు నడిపించారు. కాండీ వాన దగ్గర కాసేపు ఆగారు. పెనాంగ్ దీపాలను మళ్ళీ లెక్కపెడుతున్నట్టు పెదవులు కదిలాయి. మూడోది గిన్నె చుట్టూ సగం దాకా ఉంది:

"లూసెర్న్. మంచుకొండ మొత్తం గులాబీ రంగైంది. ఆయన వెనక్కి తిరిగి చూడలేదు పాపం."

ఆయన చివరి వాక్యం మళ్ళీ చదివారు. తర్వాత నవ్వు వచ్చింది. చాప మీద కూలబడి, గిన్నె ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. వినత వచ్చేసరికి ఇంకా నవ్వుతూనే ఉన్నారు. గిన్నె ఆమె చేతికిచ్చారు. ఆమె చదివింది.

"అయితే నాన్నా, కొండ చూడనిది నువ్వన్నమాట!"

"నేనేనమ్మా," అన్నారు కామేశం గారు, బహుమతి వచ్చినంత సంబరంగా. "నేనే."

కాకినాడ రాగానే వంటింట్లో ప్లగ్గు పెట్టి చూశారు. ఇరవై రెండు నిమిషాలకు నా మీట టక్కుమంది. మర్నాడు గిన్నె పట్టుకుని మస్తానయ్యను వెతుక్కుంటూ వెళ్ళారు. మస్తానయ్య గిన్నెను గుర్తుపట్టాడు, తర్వాత మనిషిని.

"ఆయ్, తోమారన్నమాట మాస్టారూ!"

"తోమానయ్యా. కాస్త ఆలస్యమైంది."

"ఏం వెయ్యమంటారండీ?"

కామేశం గారు జేబులోంచి కాగితం తీశారు. "క్యోటో. కొంగ. రెండు గంటలు. నేను కూడా కిటికీ దగ్గరే కూర్చున్నాను." మస్తానయ్య చదివి, గిన్నె తిప్పి, చోటు చూసుకున్నాడు.

"ఇంకా రెండు వరసలకు ఖాళీ ఉంటుందండీ. ముగ్గు వేసి నింపేయమంటారా?"

"వద్దొద్దు. అలాగే ఉండనివ్వు."

ఇప్పుడు నేను అటక మీద లేను. ఆయన ఒక్కరికీ గ్లాసున్నరే ఎక్కువ. బియ్యం పెట్టి, కుర్చీ కిటికీ దగ్గరికి లాక్కుని వీధి చూస్తూ కూర్చుంటారు. పక్కింటి సన్నజాజి, పాలవాడి సైకిలు, గోడ మీద పిల్లి. తిన్నాక నన్ను తోమేదీ ఆయనే. లోపల పీచుతో తోముతారు. బయటివైపు మాత్రం, అక్షరాలు అరుగుతాయని, ఒట్టి వేళ్ళతో రుద్దుతారు. ఆ వేళ్ళు 'పాపం' అన్న మాట దగ్గరికి వచ్చేసరికి రోజూ ఒక్క క్షణం ఆగుతాయి.

"చూస్తున్నాన్లేవే," అంటారు.