బ్యాటరీకి పెట్టిన బొట్టు

అల్వాల్‌లోని ఆ ఐదంతస్తుల అపార్టుమెంటుకు తిరుమల్ వాచ్‌మన్‌గా వచ్చి తొమ్మిదేళ్లయింది. అంతకు ముందు పన్నెండేళ్లు బోయిగూడలో ఒక బ్యాటరీల దుకాణంలో పనిచేశాడు. అది మూతపడితే పొట్ట చేతబట్టుకుని, భార్య నాంచారమ్మనూ కూతురు సృజననూ వెంటబెట్టుకుని ఇక్కడి సెల్లార్ గదిలో చేరాడు. వాచ్‌మన్‌కు గేటు తియ్యడం కాక ఇంకేం వచ్చునని అతన్ని ఎవరూ అడగలేదు. అడగని వాళ్లకు చెప్పుకునే అలవాటు అతనికీ లేదు.

జనరేటర్ బ్యాటరీ మాత్రం తనదే అనుకున్నాడు. నెలకోసారి మైనస్ వైరు ముందు, ప్లస్ వైరు తర్వాత విప్పేవాడు. మూతలన్నీ బిగుతుగా ఉన్నాయని చూసుకుని, గోరువెచ్చని నీళ్లలో వంటసోడా కలిపి, పాత టూత్‌బ్రష్షుతో టెర్మినళ్లు రుద్దేవాడు. తెల్లగా, నీలంగా పేరుకున్న చిలుము బుసబుస పొంగి వదిలిపోతుంటే అతనికి అదో తృప్తి. కడిగి, పొడిగుడ్డతో తుడిచి, వైర్లు బిగించి, పైన ఇంత వ్యాజ్‌లిన్ పూసేవాడు. తొమ్మిదేళ్లలో ఆ జనరేటర్ ఒక్కసారి కూడా మొరాయించలేదు. మొరాయించని దాని గురించి ఎవరు మాట్లాడతారు?

ఈ ఏడు దసరాకు అసోసియేషన్ సెక్రటరీ రామభద్రరావు భార్య వీరరాఘవమ్మ ఆయుధపూజ గట్టిగా చేసింది. శ్రావణంలో ఆయన గుండెకు స్టెంటు వేశారు, ఆమె భయం ఆమెది. లిఫ్టుకూ, నీళ్ల మోటారుకూ బొట్లు పెట్టి, జనరేటర్ దగ్గరికొచ్చి బ్యాటరీ రెండు టెర్మినళ్లకూ పసుపు ముద్ద మెత్తింది. కుంకుమ పెట్టింది. కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్లు దాని మీదే పోసింది.

మూడో రోజు తిరుమల్ సోడా నీళ్ల బకెట్టుతో వెళ్లేసరికి ఆవిడ ఎదురొచ్చింది.

"ఆగు! పసుపుకుంకాలు తుడిచేస్తావా? ఏం మనిషివయ్యా!"

"కొబ్బరినీళ్లు పడ్డయమ్మా. చిలుము పడ్తది. జెర కడిగి మళ్ల నేనే బొట్టు పెడ్తా."

"నోర్ముయ్. మా ఆయన ఆస్పత్రి నుంచి వచ్చి ఎన్నాళ్లయిందని? కార్తీకం వెళ్లేదాకా దాని మీద చెయ్యి వేశావో, ఆ గదిలో ఉండవు."

తిరుమల్ మెట్లెక్కి రామభద్రరావుకు చెప్పాడు. ఆయన పేపరులోంచి తల ఎత్తకుండా, "అమ్మగారు చెప్పినట్టు చెయ్యవయ్యా" అన్నాడు.

అప్పుడు తిరుమల్‌కు కడుపు మండింది. ఆవిడ చూడనప్పుడు ఒక పూట కడిగేస్తే అడిగే దిక్కు లేదు, ఆ సంగతి అతనికి తెలుసు. కానీ పంతం వచ్చింది. మీ దేవుడే నడిపిస్తాడులే అనుకున్నాడు. ప్రతి ఆదివారం జనరేటర్ ఆన్ చేసి చూసేవాడు. మొదటివారం మూలిగింది, రెండోవారం మూడుసార్లు నొక్కితే గాని లేవలేదు. చిలుము పసుపునూ కుంకుమనూ మింగేసి తెల్లటి గడ్డ కట్టింది. చూసి, తలుపు దగ్గరకు వేసి, గేటు దగ్గరికి పోయి కూర్చున్నాడు. అత్త మీద కోపం దుత్త మీద చూపడమంటే అదే.

కార్తీకం నడుమ ఒక సాయంత్రం కరెంటు పోయింది. జనరేటర్ స్టార్టరు టకటకమని ఊరుకుంది. లిఫ్టులో మేబెల్ మేడం ఇరుక్కుపోయింది. నాలుగో అంతస్తు, రిటైరైన టీచరు, ఉబ్బసం మనిషి. సృజనకు రోజూ పైసా తీసుకోకుండా ఇంగ్లీషు చెప్పేది ఆవిడే. లోపల నుంచి ముందు తలుపు కొట్టింది, తర్వాత దగ్గింది, తర్వాత ఏ చప్పుడూ లేదు. తిరుమల్ ఇనుప కడ్డీతో తలుపు పీకుతూ వేళ్లు చీల్చుకున్నాడు. లిఫ్టు మెకానిక్ వచ్చి తీసేసరికి నలభై నిమిషాలు. మేడం పెదవులు నల్లబడి గోడకు ఒరిగి కూర్చుని ఉంది. మూడు రోజులు ఆస్పత్రిలో ఉండి బతికి వచ్చింది.

ఆదివారం సెల్లార్‌లో మీటింగు పెట్టారు. ట్రెజరర్ దుర్గేష్ తన ఫోనులో బ్యాటరీ ఫొటో అందరికీ చూపించాడు.

"ఇంత చిలుము పడితే చూసుకోనక్కర్లేదా? ఈ ఫ్యామిలీని పంపించేసి ఏజెన్సీ గార్డును పెట్టుకుందాం."

తిరుమల్ వీరరాఘవమ్మ వైపు చూశాడు. ఆవిడ కొంగు నులుముకుంటూ నేల చూపులు చూస్తోంది. అమ్మే వద్దందని చెబితే సెక్రటరీ భార్యను నలుగురిలో నిలబెట్టినట్టు. తెలిసీ వదిలేశానంటే మేడం ప్రాణం తీయబోయినట్టు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. గది తలుపులో సృజన నిలబడి ఉంది. ఇంటర్ పరీక్షలు ఇంకో మూడు నెలల్లో ఉన్నాయి.

"పాపం, అతనికేం తెలుసు?" మేబెల్ మేడం ఆయాసపడుతూనే అంది. "గేటు చూసే మనిషికి బ్యాటరీ గురించి ఎవరు చెప్పారు? ప్లీజ్, అతన్ని ఏమీ అనొద్దు."

రామభద్రరావు ఆ మాట చటుక్కున అందుకున్నాడు. "అంతేనయ్యా? దాన్ని కడగాలని నీకు తెలీదు, అవునా?"

ఆయన కళ్లు అతన్ని బతిమాలాయి. పన్నెండేళ్ల బోయిగూడ దుకాణాన్నీ, తొమ్మిదేళ్ల టూత్‌బ్రష్షునూ తిరుమల్ ఒక్క మాటతో కాదనుకున్నాడు.

"తెల్వదు సార్."

గది తలుపు మూసుకున్న చప్పుడైంది. తండ్రి చేసే పని చిన్నప్పటి నుంచీ చూస్తున్న పిల్ల ఇంకేం వింటుంది?

ఉద్యోగం నిలిచింది, గది నిలిచింది. మర్నాడు ఎవరో టెక్నీషియన్ వచ్చి టెర్మినళ్లు గీకాడు. ప్లస్ వైరు ముందు విప్పాడు. పాన జారి నిప్పురవ్వ లేచింది. తిరుమల్ పెదవి కొరుక్కుని బకెట్టు పట్టుకుని నిలబడ్డాడు. తెలియనివాడు తప్పు పట్టడు కదా.

"బాగా చూసి నేర్చుకో" అన్నాడు రామభద్రరావు.

కర్ర ఊతంతో మేబెల్ మేడం అక్కడికి వచ్చింది. అతని భుజం మీద చెయ్యి వేసింది.

"ఇంక భయం లేదు తిరుమల్. ఇప్పుడు నీకు కూడా వచ్చేసింది కదా?"

నాకు తెల్సు మేడం, తెల్సే ఊకున్న. ఆ ఒక్క మాట చెప్పి ఆవిడ కాళ్ల మీద పడాలని అతని ప్రాణం కొట్టుకుంది. రామభద్రరావు చూస్తున్నాడు.

"అవు మేడం," అన్నాడు తిరుమల్, "మీ దయతోటి నేర్చుకున్న."