చుక్కల గీత

దేవుడి ముందు ఆడిన అబద్ధమే పాపమా, పొయ్యి ముందు ఆడినదీ పాపమేనా? ఆరేళ్లుగా ఈ సందేహం నన్ను వదలలేదు. మంగళవారం ఉపవాసం ఉన్న రోజు మరీ గుచ్చుతుంది.

సాయిలత నా భార్య భూదవ్వకు మొదటి మనువులో పుట్టిన బిడ్డ. తండ్రి పోయాక, దాని నాలుగో ఏట నేను భూదవ్వను మారుమనువు చేసుకొని ఇద్దరినీ ఎల్లారెడ్డి తెచ్చుకున్నాను. సాయిలత నన్ను బాపు అనే పిలిచేది.

ఇంటర్ రెండో ఏడు తెలుగులో వాళ్లకొక నవల ఉండేది. మూడు తరాల కథ, ఇరవై ఆరుగురు మనుషులు. ఎవరికి ఎవరేమవుతారో పిల్లలకు గుర్తుండక నగేశ్ సార్ ఒక ఉపాయం చెప్పాడట. వంశవృక్షం గీసి, ఒక్కో పేరు కింద తమ ఇంటి మనిషి పేరు రాసుకోవాలి. నెత్తుటి సంబంధానికి నిండు గీత, నడుమ వచ్చి కలిసినవాళ్లకు చుక్కల గీత. సాయిలత నెల రోజులు కూర్చుని పాత క్యాలెండర్ వెనక అదంతా గీసి, దేవుడి పటాల పక్కన తగిలించింది.

పరీక్ష ఇంకా మూడు రోజులుందనగా దీపం పెడుతూ చదివాను. నిండు గీత చివర చనిపోయిన దాని కన్నతండ్రి పేరు. చుక్కల గీత చివర నాది.

"ఇదేంది బిడ్డా?"

"కథల మారుతండ్రి ఉన్నడు బాపు. నీ పేరు పెడితే యాదికుంటది."

"ఆయన మంచోడేనా?"

"ఏమో, వరుసలు సార్ చెప్పిండు గానీ కథ సగమే చదివిన. నువ్వయితే మంచోనివే తియ్యి, రోజూ కొబ్బరిముక్క పెడ్తవ్," అని నవ్వింది.

నాకది ఎగతాళిగా వినబడింది. మర్నాడు అది కాలేజీకి పోగానే కాగితాన్ని పొయ్యిలో పెట్టాను. పక్కింటి మేక తిన్నదని చెప్పాను. ఏడ్చి, మళ్లీ గీయబోయింది కానీ వరుసలన్నీ కలగలిసిపోయాయి. పరీక్షలో మేనమామను తాతను చేసి వచ్చింది. నాలుగు మార్కులతో తప్పింది. మళ్లీ రాయమంటే రాయనంది. ఇప్పుడు కామారెడ్డిలో బట్టల దుకాణంలో పనిచేస్తుంది.

ఈ మధ్య నగేశ్ సార్‌ను ఆ నవల అడిగి తెచ్చుకుని, కూడబలుక్కుంటూ నలభై రోజులు చదివాను. మారుతండ్రి చెడ్డవాడు కాదు. తనది కాని బిడ్డను పెంచాడు. చుక్కల గీత అబద్ధం కాదు. దానికి నొచ్చుకోవాల్సిన పనీ లేదు.

మంగళవారం బస్సెక్కి కామారెడ్డి పోయాను. సాయిలత చీరలు మడత పెడుతోంది.

"ఉపాసమా బాపు? చాయ్ తాగు, దేవుడేమనడు."

"ఆ కాగితం మేక తినలే బిడ్డా. నేనే కాలబెట్టిన."

దాని చేతులు ఆగలేదు. "ఎరుకే. బూడిదల క్యాలెండర్ రేకు దొరికింది. మేక పొయ్యి అంటుపెట్టుకొని తింటదా?"

"మరి ఇన్నేండ్లు అడగలేదేంది?"

"నువ్వే చెప్తవని చూసిన."

"తప్పయింది బిడ్డా," అన్నాను.

"సరే తియ్యి," అని ఇంకో చీర అందుకుంది.