రేవులో మిరప కల్లం

మా అత్తగారు బసవమ్మగారు నాతో నేరుగా మాట్లాడరు. ఆవిడ కాలంలో అల్లుడితో మాట్లాడటం మర్యాద కాదు. నా భార్య నాగజ్యోతి ఉన్నన్నాళ్ళూ మా మధ్య మాటలు తనే మోసేది. తను జబ్బు పడ్డప్పుడు చూసుకోవడానికి పర్చూరు వచ్చిన అత్తగారు, తను పోయాక కూడా నా దగ్గరే ఉండిపోయారు. "కాఫీ చల్లారిపోతోంది" అని ఆవిడ తలుపుతో అంటారు. "బాగుంది" అని నేను కిటికీతో అంటాను.

ఈ విశాఖ ప్రయాణం కాగానే ఆవిడ ఒంగోలులో కొడుకు యలమంద దగ్గరికి వెళ్ళిపోవాలని నిశ్చయమైంది. వెళ్ళొద్దని అడగాలని నా కోరిక. కిటికీతో చెప్పే మాట కాదది.

మా అమ్మాయి జ్యోతిర్మయి మంచాలూ పొయ్యీ ఉన్న క్యారవాన్ అద్దెకు తీసుకుని, తనే నడుపుతూ మమ్మల్ని విశాఖపట్నం తీసుకొచ్చింది. అత్తగారు దానికి ఇల్లుబండి అని పేరు పెట్టి, గడపకు పసుపు కూడా రాశారు. పొద్దున బీచ్ రోడ్డు పక్కన బండి ఆపితే పెసరట్లు వేశారు.

"మీ నాన్నకు ఇంకోటి కావాలేమో అడగవే."

"అమ్మమ్మా, నాన్న నీ మోచేతి పక్కనే ఉన్నాడు. నువ్వే అడుగు."

"నోర్మూసుకుని అడుగు."

సాయంత్రం లైట్‌హౌస్ ఉన్న కొండెక్కాం. అమ్మాయి టీ తెస్తానని వెళ్ళింది. కింద హార్బరంతా ఓడలు, క్రేన్లు. అత్తగారు వాటిని చూడటం లేదు. గోడమీద చేతులానించి ఇంకెటో చూస్తున్నారు. ఉన్నట్టుండి నా చొక్కా చెయ్యి పట్టుకు లాగారు.

"బాబూ, అటు చూడండి, ఎవరిదో కల్లం. కుప్పలకి కుప్పలు కాయ పోసి, దానిమీద పైపుతో నీళ్ళు కొడతన్నారు. బూజు పట్టి తాలైపోదూ? ఓ కేకెయ్యండి."

చూశాను. ఓడలకెత్తడానికి పోసిన ఇనుప ఖనిజం, మిరప ఎరుపులో. దుమ్ము లేవకుండా నీళ్ళు చల్లుతున్నారు.

"మిరపకాయలు కావండీ. ఇనప రాయి. తడిసినా ఏమీ కాదు."

"బతికించారు" అన్నారు. తను ఎవరితో మాట్లాడిందీ ఆవిడకు అప్పుడు తట్టింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. భుజాలు కదులుతున్నాయి. నవ్వుతున్నారు.

ఆ నవ్వు ఆగకముందే అడిగేశాను. "అత్తయ్యగారూ, ఒంగోలు వెళ్ళకండి. మనింట్లోనే ఉండండి."

"కూతురు లేని ఇంట్లో అత్తేంటని ఊళ్ళో అనరూ?"

"అననివ్వండి. మీరుంటే నాకు బాగుంటుంది."

ఆవిడ కొంగు దించారు. "నా వంట ఎట్టా ఉందో ఒక్కనాడూ చెప్పలేదు మీరు."

"బాగుందంటూనే ఉన్నాగా."

"కిటికీకి చెప్పారు."

"పులుసులో ఉప్పు కాస్త తక్కువేస్తారు."

ఆవిడ తల తిప్పి నా ముఖంలోకి చూశారు. "నాగజ్యోతికి పడదని తగ్గించా. చెయ్యి అట్టాగే అలవాటైపోయింది."

"తెలుసండీ. అందుకే చెప్పలేదు."

అమ్మాయి టీ గ్లాసులతో వచ్చి, మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. అత్తగారు గ్లాసు అందుకోలేదు.

"మీ మావయ్యకు ఫోను కలపవే." కలిపి ఇస్తే చెవికి ఆనించుకున్నారు. "ఒరేయ్ యలమందా, కారేసుకుని రాబాకు. నేను రావట్లా... కోడలేమన్నదిరా పాపం, దాన్నెందుకు అనుమానిస్తావ్? పర్చూరులో నాకు పనుంది."

ఫోను తిరిగిచ్చి, టీ తీసుకుని, ఈసారి ఓడల వైపు చూశారు.

"అంత ఇనుమెక్కిస్తే మునిగిపోదా అండీ అది?" అని నన్నే అడిగారు.

నేను చెప్పడం మొదలుపెట్టాను.