వేడి మీద చెంబెడు నీళ్లు

నేను ఒక బ్రేకు డ్రమ్మును. అంటే ఏమిటో తెలియనివాళ్ల కోసం చెప్తాను. జీపు చక్రం లోపల, పెద్ద గిన్నె బోర్లించినట్టు ఉండే పోత ఇనుము ముక్కను. డ్రైవరు బ్రేకు తొక్కితే నా కడుపులో ఉన్న, షూలని పిలిచే రెండు వంపు పట్టీలు విచ్చుకుని నన్ను గట్టిగా ఒరుసుకుంటాయి. ఆ ఒరిపిడికి చక్రం ఆగుతుంది. బండి బాగా పరిగెత్తితే జనం ఇంజనును మెచ్చుకుంటారు. హారను బాగా మోగితే దాన్నీ మెచ్చుకుంటారు. ఆగినందుకు నన్ను మెచ్చుకున్నవాళ్లను మాత్రం నేను చూడలేదు. దానికి నాకేమీ బాధ లేదు. ఆగని ఒక్క రోజు గురించే నా బాధంతా.

ఏ ఊళ్లో పోతపోశారో నాకు గుర్తులేదు. కళ్లు తెరిచేసరికి ఒక కొత్త జీపుకు ముందు ఎడమ చక్రంలో ఉన్నాను. ఆ జీపును మొదట ఒక అటవీ శాఖ ఆఫీసరుకు ఇచ్చారు. ఆయన చెట్లు లెక్కపెట్టడానికని పాడేరు వైపు కొండలెక్కి, సాయంత్రానికి నాటుకోళ్లతో దిగేవాడు. కోళ్లు బెదరకూడదని మెల్లగా నడపమనేవాడు కాబట్టి ఆ రోజుల్లో నాకు పెద్ద కష్టం తెలియలేదు.

బండి పాతబడ్డాక వేలంలో వంతల దాసు కొనుక్కున్నాడు. గుర్రగరువు నుంచి ఘాటు రోడ్డు దిగి కిందనున్న సంతకు, మళ్లీ పైకి, వారానికి రెండు ట్రిప్పులు. ఎనిమిది మంది కూర్చోవాల్సిన బండిలో పద్దెనిమిది మంది, వాళ్ల పసుపు బస్తాలు, చింతపండు గంపలు. ఇంకొకరు చెయ్యెత్తితే దాసు బండి ఆపేవాడు. కొంచెం సర్దుకోండి అంటే అందరూ సర్దుకునేవారు. సర్దుకోలేనిది నేనొక్కదాన్నే. ఇరవై మలుపులు దిగేసరికి నా ఒళ్లు కాలి, చక్రంలోంచి పొగ వచ్చేది.

ఘాటు కింద ఒక గెడ్డ ఉంది. సన్నటి వాగు, చల్లటి నీళ్లు. జీపులన్నీ అక్కడ ఆగుతాయి. జనం దిగి కాళ్లు కడుక్కుంటారు. పొగలు కక్కే చక్రాల మీద ఎవరో ఒకరు నీళ్లు పోస్తారు. అక్కడ అది ఆనవాయితీ. దున్నొచ్చిన ఎద్దుకు తొట్టిలో నీళ్లు పెట్టకుండా మనిషి తాగుతాడా, అలాగే.

మా బండికి పోసేది పాంగి రాజులమ్మ. ఆమె, చెల్లెలు చిలకమ్మ ప్రతి సంతకూ పసుపు తెచ్చేవారు. బండి ఆగగానే చిలకమ్మ గెడ్డలోకి దిగి చెంబు ముంచి అందించేది. రాజులమ్మ దాన్ని తెచ్చి ఒడ్డు వైపు ఉన్న నా మీద పోసేది.

"దీని దాహం తీరనీ ముందు. మనల్ని మోసుకొచ్చింది పాపం" అనేది.

బుస్సుమని ఆవిరి లేచేది. అబ్బ, ఆ సుఖం ఎలా చెప్పను? ప్రతి మలుపు దగ్గరా ఆ చెంబునే తలుచుకుంటూ దిగేదాన్ని. మొదటిసారి టిక్కుమని నాలో ఏదో చిట్లినప్పుడు కూడా నాకు ఆ చల్లదనమే కావాలనిపించింది. వెంట్రుకంత పగులు. మరుసటి సంతకు ఇంకొంచెం సాగింది.

నర్సీపట్నంలో బండ్లు బాగుచేసే జలీల్ మేస్త్రీ అప్పటికే రెండేళ్లుగా దాసుకు చెప్తున్నాడు. "ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు వేయించుకో దాసూ. ఈ దిగుడుకు డ్రమ్ములు సరిపోవు. వేడి లోపలే ఉండిపోతుంది."

"చూద్దాంలే మేస్త్రీ. బండి ఆగుతానే ఉంది కదా" అనేవాడు దాసు.

ఆ మాట విని నేను సంతోషించాను. నిజం దాచడమెందుకు, నన్ను పీకెయ్యడం లేదని పొంగిపోయాను. కాస్త దుమ్ము పడితే చాలు, కీచుమని ఊరంతా వినేలా అరిచేదాన్ని, పగులు పెరుగుతుంటే మాత్రం కిమ్మనలేదు.

చింతపండు రోజుల్లో ఒక సంతకు దిగుతున్నాం. పదకొండో మలుపు ముందు దాసు గట్టిగా బ్రేకు తొక్కాడు. నేను ఒక్కసారిగా విచ్చుకున్నాను. నేనే విచ్చుకుంటే షూలు దేన్ని ఒరుసుకుంటాయి? ఎడమ చక్రం తిరుగుతూనే ఉంది, కుడి చక్రం పట్టేసింది. బండి కుడి వైపు లాగేసి కొండకు గుద్దుకుంది. ఎడమ వైపు లోయ. అటు పోనందుకు జనం అమ్మవారికి దండం పెట్టుకున్నారు. కానీ చిలకమ్మ చోటు చాలక కుడి వైపు అంచున, కాలు బయటికి వేలాడేసి కూర్చుంది. ఆ కాలు బండికీ బండరాయికీ మధ్య నలిగింది.

రాజులమ్మ చెల్లెలి తల ఒళ్లో పెట్టుకుని రోడ్డు మీద కూర్చుంది. చిలకమ్మ అరుపు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

బాగుచేసే రోజు జలీల్ మేస్త్రీ నన్ను ఊడదీసి వెలుతురులో తిప్పి చూశాడు. "కాలిన డ్రమ్ము మీద నీళ్లెవరు పోశారు?" అని అడిగాడు.

దాసు ముఖం పాలిపోయింది. అయినా రాజులమ్మ పేరు ఎత్తకుండా, "ఎవరూ పొయ్యలేదు. పాతదైపోనాది, అంతే" అన్నాడు.

ముందు చక్రాలకు డిస్కులు వేశారు. అవి నాలా మూసుకుని ఉండవు, గాలిలో తిరుగుతాయి, వేడిని ఎప్పటికప్పుడు వదిలేస్తాయి. బ్రేకు నూనె పంపే సిలిండరు కూడా మార్చి, ఒక పైపు పోయినా రెండోది పనిచేసేలా చేశారు. ఇప్పుడు పదిమందికి మించి ఎక్కించడు దాసు. గెడ్డ దగ్గర చక్రాలు చల్లారేదాకా ఊరికే కూర్చుంటాడు. నీళ్లు పోస్తామని ఎవరైనా వస్తే, కొత్త బ్రేకులకు అక్కర్లేదంటాడు. రెండేళ్ల ముందే చేయాల్సిన పని చేసిన మనిషి ముఖంలో సంతోషం ఎలా ఉంటుంది?

నన్ను అతని పెరట్లో పడేశారు. చలికాలం వచ్చాక ఒకరోజు రాజులమ్మ చూసి, "అల్లుడూ, ఇది నాకియ్యి. కుంపటికి బాగుంటాది. సెల్లికి కాలు సలికి లాగేస్తంది" అంది. దాసు కాదనలేకపోయాడు. కాదంటే ఎందుకో చెప్పాలి, అది చెప్పలేడు కదా. అలా, నేను విరగ్గొట్టిన కాలును వెచ్చబెట్టే ఉద్యోగం నాకే దొరికింది.

మొన్న సంతరోజు పొద్దున బాగా మంచు పట్టింది. అక్కచెల్లెళ్లు నా దగ్గర కూర్చుని ఉండగా దాసు పిలవడానికి వచ్చాడు. ఇప్పుడు సంతకు రాజులమ్మ ఒక్కతే వెళ్తుంది. కాలాడని చెల్లెలి పక్కన నిప్పులు వదిలి వెళ్లలేక, ఆర్పిపోదామని ఆమె చెంబు తీసి నా మీదికి వంచబోయింది.

దాసు గబుక్కున ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "వొద్దత్తా. కాలినప్పుడు నీళ్లు పోస్తే పగిలిపోతాది."

అన్నాక నాలుక కరుచుకున్నాడు. రాజులమ్మ నన్ను చూసింది. నా పగులు వెంబడి ఆమె చూపు పైనుంచి కిందిదాకా పోయింది.

"ఇది ఇలగే పగిలిందేటి?"

దాసు ఆమె చెయ్యి వదిలేశాడు.

"నాకెందుకు సెప్పలేదు?"

"ఏటని సెప్పను అత్తా? డిస్కులు ఎయ్యమని మేస్త్రీ రెండేళ్లు సెప్పినాడు. ఎయ్యనిది నాను."

రాజులమ్మ చేతిలోని చెంబు వైపు చూసుకుంది. "నా సేత్తోనే పోసినాను. నా సెల్లి కాలు నా సేత్తోనే..." అని ఆగిపోయింది.

చిలకమ్మ చెయ్యి చాచి చెంబు తీసుకుని పక్కన పెట్టింది.

"ముంచి ఇచ్చింది నాను కాదేటి? నువ్వొక్కదానివే సేసినట్టు సెప్తావు" అంది. "ఎల్లండి, సంతకు ఆలీసమైపోతాది. నిప్పు నాను సూసుకుంటాను. అదే సల్లారతాది."

వాళ్లు వెళ్లారు. జీపు మలుపు దిగే చప్పుడు వినిపించింది, బ్రేకు చప్పుడు లేదు. డిస్కులు అరవకుండానే ఆపుతాయట.

ముగ్గురూ తప్పు తమదేనన్నారు. ఆ నీళ్ల కోసం ప్రతి మలుపులోనూ ఎదురుచూసినదాన్ని, పగిలానని తెలిసీ కిమ్మనకుండా ఊరుకున్నదాన్ని నేను. నాకు చెప్పే నోరు లేదు. చిలకమ్మ వంకర తిరిగిన కాలును రెండు చేతులతో ఎత్తి నా దగ్గరికి జరుపుకుంది. బతుకంతా ఎప్పుడు చల్లారతానా అని చూసినదాన్ని, ఆ పూట చేతనైనంతసేపు వేడి నిలుపుకున్నాను.