నూనె డబ్బాలో ఉల్లి

సూరత్‌లోని లింబాయత్‌లో ఊర్మిళాబెన్ ఇంటి మొదటి అంతస్తులో లింగమూర్తికి సగం గది ఉంది. సగం అంటే మధ్యలో గోడ కట్టి పంచుకున్నది కాదు, గడియారం చూసి పంచుకున్నది. పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఏడు దాకా అతను కారఖానాలో సాంచలు, అంటే మరమగ్గాలు, నడుపుతాడు. ఆ పన్నెండు గంటలూ గది పరుశురాంది. సాయంత్రం ఏడు దాటితే పరుశురాం ఆ సాంచల ముందు నిలబడతాడు, గది లింగమూర్తిదవుతుంది. మంచం ఒకటే, పొయ్యి ఒకటే. ఒకరు లేచిన పక్క చల్లారకముందే ఇంకొకరు దాని మీద నడుము వాలుస్తారు. ఇద్దరివీ కోరుట్ల దగ్గర పక్కపక్క ఊళ్ళు. కారఖానా గేటు దగ్గర రోజుకు రెండుసార్లు ఎదురుపడి తాళంచెవి చేతులు మార్చుకుంటారు. మాటలు మార్చుకునే తీరిక ఇద్దరికీ ఉండదు.

గది బయట గ్యాలరీలో మూరెడు జాగా ఉంది. తా దూర సందు లేదు మెడకో డోలు అన్నట్టు, అక్కడ ఒక నూనె డబ్బా, ఆ డబ్బాలో ఉల్లి.

ఇది బజారులో తూకం వేసి అమ్మే ఉల్లి కాదు. గడ్డ పెద్దగా ఊరదు. పిలక పక్కన పిలక వేసుకుంటూ గుంపు కడుతుంది. దీన్ని పీకకూడదు. రెండు వేళ్ళ ఎత్తు వదిలి పొరక, అంటే పైన ఆకు, కోసుకుంటే పదిపదిహేను రోజుల్లో మళ్ళీ లేస్తుంది. ఏళ్ళ తరబడి అలా కోసుకుంటూనే ఉండొచ్చు. లింగమూర్తి భార్య సారక్క ఊళ్ళో బోరింగు పక్కన పెళ్ళయిన ఏడాది నాటిన గుంపు ఇప్పటికీ కోతకొస్తోంది. పోయిన వానాకాలం లింగమూర్తి ఊరికి పోయి తిరిగొస్తుంటే ఆమె అందులోంచే కొన్ని పిలకలు విడదీసి, తడిగుడ్డలో చుట్టి అతని సంచిలో పెట్టింది. ఉల్లి చేసిన మేలు తల్లి కూడా చేయదంటారు. ఉల్లి మేలు చేస్తుంది కాబోలు, కానీ లింగమూర్తికి మాత్రం అది కంటి మీద కునుకు లేకుండా చేసింది.

నిజం చెప్పుకోవాలి. ఆ పిలకలను లింగమూర్తి మంచం కిందికి తోసి మరిచిపోయాడు. నాలుగో రోజు వాసన పట్టి బయటికి లాగినవాడు పరుశురాం. డబ్బా సంపాదించి, అడుగున మేకుతో బొక్కలు కొట్టి, పశువుల తబేలా నుంచి ఎండిన పేడ మోసుకొచ్చి, మట్టిలో కలిపి నాటింది కూడా అతనే. ఇదంతా పగటిపూట జరిగింది. లింగమూర్తి ఇంటికొచ్చేసరికి చీకటి పడుతుంది కాబట్టి, అతనికి ఆ డబ్బా చాలా రోజులు కాలికి తగిలే అడ్డంగానే తెలుసు.

చలికాలం వచ్చేసరికి డబ్బా పచ్చగా నిండిపోయింది. ఒకరోజు ఊర్మిళాబెన్ మెట్ల దగ్గర ఆపి, పరుశురామ్‌భాయ్ వేసిన లీలీ డుంగళీ బహు సరస్, పచ్చి ఉల్లి చాలా బాగుందని, దాని పొరకతో నిన్న కూర చేశానని చెప్పింది. కింది వాటాలోని ఒడియా ఆవిడ కూడా పరుశురాం చేతి చలువ మెచ్చుకుంది. లింగమూర్తికి చిర్రెత్తింది. అత్త సొమ్ము అల్లుడు దానం అంటే ఇదేనా అనుకున్నాడు. పిలకలు ఎవరివి? ఎవరి భార్య ఇచ్చింది? ఆ మాట పైకి అనడానికి నామోషీ అనిపించి ఊరుకున్నాడు. ఆనాటికి అది చీమ కుట్టినంత మంటే.

అసలు మంట కారఖానా బంద్ ఉన్న రోజు అంటుకుంది. మధ్యాహ్నం పరుశురాం కింద నల్లా దగ్గర బట్టలు ఉతుకుతున్నాడు. మంచం మీద అతని ఫోనులో వీడియో కాల్ మోగింది. లింగమూర్తి చూస్తే తెర మీద 'సారక్క వదిన' అని పడింది. తన ఫోనులో ఆమె పేరు 'ఇల్లు' అని ఉంటుంది. కాసేపు అర్థం కాక, తర్వాత అర్థమై, ఫోను ఎత్తాడు. సారక్క ఒళ్ళో చాట పెట్టుకొని బీడీలు చుడుతోంది. ఫోను దేనికో ఆనించి పెట్టినట్టుంది, తల ఎత్తకుండానే మొదలుపెట్టింది.

"పరుశురాం, జర గ్యాలరీలకు పట్కపో, ఉల్లి చూస్త." అప్పుడు తలెత్తి మొగుణ్ణి చూసి ఆగింది. "నువ్వా. ఇయ్యాల పనికి పోలేదా?"

"బంద్."

"తిన్నవా?"

"తిన్న."

"పానం మంచిగున్నదా?"

"మంచిగనే ఉన్నది."

"సరే మరి. పరుశురాం వచ్చినంక చెయ్యమను," అని పెట్టేసింది.

పరుశురాం తడిబట్టలతో పైకొచ్చాక లింగమూర్తి గొంతు మామూలుగా ఉంచుకోవాలని ప్రయత్నిస్తూ అడిగాడు. "సారక్క నీకు దినాం ఫోన్ జేస్తదా?"

"దినాం గాదన్నా, రెండు మూడు దినాలకొకపారి. పగటీలి బీడీలు చుట్టుకుంట చేస్తది. ఉల్లి ముచ్చట."

"ఉల్లి ముచ్చట ఎంతసేపుంటది?"

"ఒక అర్ధగంట అయితది. వదిన మంచిగ ముచ్చట పెడ్తది గదన్నా," అన్నాడు పరుశురాం బట్టలు దండెం మీద ఆరేస్తూ.

ముప్పై ఏళ్ళ పరుశురాం మీద లింగమూర్తికి వేరే అనుమానమేమీ రాలేదు. సారక్క మీద కలలో కూడా రాదు. అతని ఏడుపంతా ఆ అరగంట మీద. పెళ్ళయి పద్దెనిమిదేళ్ళు. అందులో పదకొండేళ్ళు సూరత్‌లోనే గడిచాయి. ఈ పదకొండేళ్ళలో సారక్క తనతో ఫోనులో రెండు నిమిషాలకు మించి మాట్లాడిన రోజు అతనికి గుర్తు లేదు. తను ఇంటి మొగుడు, తనకు రెండు నిమిషాలు. గడ్డ కూడా ఊరని ఉల్లికి అరగంట. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని తిట్టుకుంటూ ఆ రోజంతా అన్నం సహించక పడుకున్నాడు.

మర్నాటి నుంచి ఉల్లిని తనే పెంచాలనుకున్నాడు. తను పెంచితే సారక్క తనతోనే మాట్లాడుతుంది, మాట్లాడక చస్తుందా అనుకున్నాడు. సాయంత్రం గదికి రాగానే చెప్పులు విప్పకముందే డబ్బాలో ఒక చెంబుడు నీళ్ళు పోసేవాడు. మూడో రోజుకు రెండు చెంబులైంది. బియ్యం కడిగిన నీళ్ళు, పప్పు కడిగిన నీళ్ళు, చివరికి టీ గిన్నె కడిగినవి కూడా అందులోనే పోశాడు. మెట్ల మీది బల్బు వెలుగు గ్యాలరీ దాకా సగం సగమే వస్తుంది. ఆ వెలుగులో తడిసిన ఆకు నిగనిగలాడుతూ కనిపించేది. పరుశురాం ఎన్ని పోస్తాడో, దానికన్నా ఒక చెంబు ఎక్కువే పడాలని అతని పట్టుదల.

డబ్బా అడుగు బొక్కల్లోంచి నీళ్ళు కారి కింద ఊర్మిళాబెన్ గడప ముందు పడ్డాయి. ఆమె అరిచింది. లింగమూర్తి ఏం చేశాడంటే, సాంచల దగ్గర తెగిపడిన పోగుల చిక్కు జేబులో వేసుకొచ్చి, డబ్బా ఎత్తి, బొక్కలన్నింటిలో గట్టిగా కుక్కాడు. పాలిస్టర్ పోగు, చుక్క బయటికి రాలేదు. పని పదిలంగా చేశానని తృప్తిపడ్డాడు.

వారం దాటాక గేటు దగ్గర తాళంచెవి ఇస్తూ పరుశురాం అడిగాడు. "అన్నా, ఉల్లి పసుపు వడ్తంది. నువ్వేమన్న నీళ్ళు పోస్తున్నవా?"

"నాకేం పని? నీ ఉల్లి, నీ ఇష్టం," అన్నాడు లింగమూర్తి.

ఆకు పసుపు పడిందన్న మాట అతనికి లోపల కొంచెం తీపిగానే అనిపించింది. పరుశురాం చేతి చలువ అంతటితో సరి అనుకున్నాడు. అయినా సారక్క ఫోను మధ్యాహ్నమే వస్తుంది, మధ్యాహ్నం తను సాంచల మధ్య ఉంటాడు, అరగంట ఎప్పటికీ పరుశురాందే అవుతుంది. ఈ ముడి విప్పడానికి ఒకటే దారి కనిపించింది. కారఖానా మాస్టరు దగ్గరికి పోయి, పరుశురాంతో పాళీ మార్చి తనకు రాత్రిది ఇమ్మన్నాడు. మాస్టరు అతన్ని ఎగాదిగా చూశాడు. పదేళ్ళు పని చేస్తే గాని పగటి పాళీ దొరకదు, దొరికినవాడు ప్రాణం పోయినా వదలడు. కారణం అడిగితే ఎండ పడటం లేదన్నాడు లింగమూర్తి. కారఖానా లోపల ఎండ ఎక్కడిదని మాస్టరు అడగలేదు. అతనికి పాళీలు నిండితే చాలు.

పరుశురాం మాత్రం కళ్ళనీళ్ళు పెట్టుకున్నంత పని చేశాడు. "అన్నా, నా కోసం పగటి పాళీ ఇడ్సిపెట్టినవా? నీ రుణం ఎట్ల తీర్సుకోవాలె?" అన్నాడు. లింగమూర్తి అవుననలేదు, కాదనలేదు. ఊరికే వచ్చే పుణ్యాన్ని కాదనేవాడెవడు? ఆ సాయంత్రమే ఇంటికి ఫోను చేసి సారక్కకు చెప్పాడు. "రేపటిసంది పగలు రూంల నేనే ఉంట. నాకే ఫోన్ చెయ్యి."

మర్నాడు రాత్రంతా నిలబడి వచ్చిన కాళ్ళు లాగేస్తున్నా లింగమూర్తి పడుకోలేదు. స్నానం చేసి, ఉతికిన అంగీ తొడుక్కొని, తల దువ్వుకున్నాడు. పదకొండున్నరకు గ్యాలరీలోకి ఎండ వచ్చింది. ఫోను పట్టుకొని డబ్బా పక్కన కూర్చున్నాడు. నీళ్ళు పోయడం మొదలుపెట్టాక ఆ ఉల్లిని అతను నిండు వెలుగులో చూడటం అదే మొదటిసారి.

చివర్లు కాదు, ఆకులన్నీ పసుపే. సగం మట్టి మీద వాలి మెత్తబడిపోయాయి. డబ్బా పైన నీళ్ళు పాచి పట్టి నిలిచాయి. ఒక పిలకను పట్టుకొని నెమ్మదిగా కదిపితే చేతికి ఊడొచ్చింది, వేరు మట్టిలోనే ఉండిపోయింది. కుళ్ళు కంపు ముక్కుకు కొట్టింది. ఇంకొకటి కదిపాడు. అదీ అంతే. గాబరాగా అన్నీ కదిపి చూశాడు. గట్టిగా నిలిచిన పిలక ఒక్కటి లేదు. అంతలో ఫోను మోగింది.

"ఏది, చూపెట్టు," అంది సారక్క.

దాచడానికి లేదు. ఫోను డబ్బా వైపు తిప్పాడు. ఆమె ఫోను దగ్గరికి వంగి చూసింది. ఆమె అడగకముందే అతనే నోరు విప్పాడు. "గా పరుశురాం చేసిన పనే ఇది. నీళ్ళు పోసి పోసి సంపిండు."

సారక్క చేతిలోని బీడీ ఆకు చాటలో పెట్టింది. "పరుశురాం నన్నడగకుంట చుక్క గూడ పొయ్యడు. వారానికి రెండుపార్లు పొయ్యమన్న, గంతే పోసిండు. పది దినాలసంది ఒద్దే ఒద్దన్న. తడి ఆరుతలేదు వదినా, ఎవలో పోస్తున్నరు అన్నడు. ఎవలో నాకు గప్పుడే సమజైంది. బొక్కలు గూడ నువ్వే మూసినవా?"

లింగమూర్తి ముఖం ఫోనులో కనిపించకుండా పక్కకు తిప్పుకున్నాడు.

"ఎందుకు జేసినవ్ గిట్ల?"

"నాతోని రెండు నిమిషాలు మాట్లాడవ్," అన్నాడు. పదిహేను రోజులుగా దాచుకున్నది ఒక్కసారిగా బయటికొచ్చింది. "గాయినతోని అర్ధగంట మాట్లాడ్తవ్. నేనేం పాపం జేసిన?"

సారక్క నవ్వుతుందేమో అనుకున్నాడు. నవ్వలేదు. "నీతోని ఏం మాట్లాడాలె? తిన్నవా అంటె తిన్న అంటవ్. పానం ఎట్లున్నది అంటె మంచిగనే అంటవ్. ఇంకోటి అడుగుదమనేవరకు పెట్టేస్తవ్. పదకొండేండ్లు జూసిన. గందుకే ఉల్లి పేరు జెప్పి పరుశురాంను అడుగుత. ఏం వండిపెట్టుకున్నడు, దగ్గు తగ్గిందా, ఏ అంగీ చినిగింది, అన్ని జెప్తడు. గ్యాలరీలకు పట్కపొమ్మంటె దండెం మీద నీ బట్టలు గూడ కనవడ్తయ్. ఉల్లి ముచ్చట రెండు నిమిషాలే. కడమదంత నీ ముచ్చటే."

ఇన్ని రోజులూ లింగమూర్తి ఎవరి వాటా చూసి కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాడో, ఆ వాటా తనదే. దాన్ని తన చేత్తో తనే చెంబులకు చెంబులు నీళ్ళు పోసి కుళ్ళబెట్టుకున్నాడు.

"ఇగ పరుశురాం పగలు కారఖానల ఉంటడు," అంది సారక్క. "నీ సంగతి నేనెవలను అడగాలె? నువ్వే జెప్పు మరి."

చెప్పాలని నిజంగానే అనుకున్నాడు. ఏం చెప్పాలో వెతుక్కున్నాడు. సాంచల గురించి ఏముంటుంది చెప్పడానికి, దారాలు తెగుతాయి, ముడివేస్తాడు. గది గురించి ఆమెకు తనకన్నా ఎక్కువే తెలుసు. ఎంతకీ ఏమీ తోచక, చివరికి ఏ ఒక్కరికీ చెప్పకుండా దాచుకున్నది ఒకటి బయటికి తీశాడు.

"కుడి చెవు వినవడ్తలేదు. నిరుటిసంది. సాంచల చప్పుడుకు పోయినట్టున్నది."

సారక్క ఉలిక్కిపడలేదు. చాటలోంచి మళ్ళీ బీడీ ఆకు తీసుకుంది. "ఎర్కే. దీపావళప్పుడే పరుశురాం జెప్పిండు. గేటుకాడ కుడి దిక్కుకెళ్ళి పిలిస్తె నువ్వు తిరుగవట. నీ నోట ఎప్పుడొస్తదా అని చూసిన."

ఇందులో కూడా పరుశురామే ముందు. ఆ పాత మంట ఒక్కసారి రాజుకొని, ఎవరి మీద చూపించాలో తెలియక అక్కడే ఉండిపోయింది. లింగమూర్తి ఫోను పట్టుకొని తల దించుకున్నాడు. సారక్క పెట్టేయలేదు. ఆకులో పొగాకు నింపుకుంటూ, తొందరేమీ లేనట్టు అడిగింది.

"పరుశురాంకు ఎర్కలేనిది ఒక్కటన్న జెప్పు."